బెత్తెడు తీగ

చేత్తో చుట్టిన వేపింగ్ కాయిల్ ఒక తరానికి లోహాల గుణాలూ ఓమ్ నియమమూ నేర్పింది. చేతికీ కంటికీ నాలుకకీ అందని ప్రమాదాలు కొన్ని మాత్రం ఆ తీగలోనే ఉండిపోయాయి.

వేపింగ్ పరికరాన్ని, అంటే ఈ-సిగరెట్‌ను, విప్పితే లోపల ఉండేవి చాలా కొద్ది. బ్యాటరీ ఒకటి, మీట ఒకటి. రెండు చిన్న లోహపు స్తంభాల మధ్య స్ప్రింగులా చుట్టి బిగించిన తీగ. ఆ చుట్టల మధ్యలోంచి దూర్చిన దూది ఒత్తి. ఒత్తిని తడుపుతూ చిక్కటి, తియ్యటి ద్రవం. మీట నొక్కితే తీగ కాగుతుంది. ఒత్తిలోని ద్రవం ఆవిరై గొంతులోకి, అక్కణ్నుంచి ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. బ్యాటరీ ఎక్కడిది, పైతొడుగు ఎంత ఖరీదు అన్నవి తర్వాతి సంగతులు. పీల్చేవాడి లోపలికి ఏది ఎంత వెళ్లాలో తేల్చడంలో ఆ తీగదే పెద్ద పాత్ర. సాగదీసి కొలిస్తే బెత్తెడు ఉంటుంది.

2010 దాటాక కొన్నేళ్లపాటు ఈ బెత్తెడు తీగను ఇంట్లో కూర్చుని సొంతంగా చుట్టుకునేవాళ్ల లోకం ఒకటి తయారైంది. అమెరికా, బ్రిటన్, ఫిలిప్పీన్స్, మలేసియా, ఇండొనేసియాల్లో దానికి దుకాణాలు వెలిశాయి, పోటీలు జరిగాయి, చేయి తిరిగినవాళ్లకు పేరొచ్చింది. మన దేశం 2019లో ఈ-సిగరెట్లను నిషేధించింది కాబట్టి ఆ లోకం మనకు దూరం నుంచే తెలుసు. అయినా ఆ తీగ మాత్రం మనకు కొత్తది కాదు. ఇస్త్రీపెట్టెలో ఉన్నదీ, హాస్టల్ గదుల్లో వార్డెన్ కంట పడకుండా మ్యాగీ ఉడికించిన కాయిల్ హీటరులో ఉన్నదీ ఆ జాతి తీగే. పదో తరగతి భౌతికశాస్త్రంలో విశిష్ట నిరోధం పాఠం చదివినవాళ్లందరికీ నిక్రోమ్ పేరు గుర్తుంటుంది.

ఎర్రగా కాలినా మాడిపోని లోహం

పందొమ్మిదో శతాబ్దం ముగిసేనాటికి కరెంటుతో వెలుగు వచ్చింది, మోటార్లు తిరిగాయి. వేడి దగ్గరే చిక్కొచ్చి పడింది. తీగలోంచి కరెంటు పోతే అది కాగుతుందని అందరికీ తెలుసు. కాగిన తీగ గాలిలోని ఆక్సిజన్ సోకి కొద్దిసేపటికే పొరలు పొరలుగా రాలిపోయేది. ఇనుము నిలవదు. ప్లాటినం నిలుస్తుంది కానీ ధర అందదు. 1906లో అమెరికాకు చెందిన ఆల్బర్ట్ మార్ష్ నికెల్‌లో క్రోమియం కలిపిన మిశ్రమలోహానికి పేటెంట్ తీసుకున్నాడు. సుమారు 80 పాళ్లు నికెల్, 20 పాళ్లు క్రోమియం. అదే నిక్రోమ్. వేడెక్కగానే దీని ఒంటిమీద క్రోమియం ఆక్సైడ్ పలుచటి పొరగా కట్టుకుంటుంది. ఆ పొర ఊడదు, లోపలి లోహాన్ని గాలికి అందనివ్వదు. టోస్టరూ, ఎలక్ట్రిక్ ఇస్త్రీపెట్టే, గది వెచ్చబెట్టే హీటరూ ఇంటింటికీ చేరడానికి దారి వేసింది ఆ పొరే.

ఇరవై ఏళ్ల తర్వాత స్వీడన్‌లోని హాల్‌స్టాహమ్మార్ అనే ఊళ్లో హాన్స్ వాన్ కాంట్సో ఇంకో దారి పట్టాడు. ఖరీదైన నికెల్‌ను పక్కనపెట్టి ఇనుములో క్రోమియం, అల్యూమినియం కలిపాడు. ఈ తీగ మీద అల్యూమినియం ఆక్సైడ్ పొర కడుతుంది. అది ఇంకా గట్టిది. తన ఇంటిపేరులోని మొదటి ముక్కనూ ఊరి పేరులోని మొదటి ముక్కనూ జతచేసి దానికి కాంథాల్ అని పేరు పెట్టాడు. కాంథాల్ ఏ-1 రకం గాలిలో 1400 డిగ్రీల సెల్సియస్ దాకా తట్టుకుంటుంది. కుమ్మరి బట్టీలకూ గాజు కొలుములకూ తయారైన ఈ తీగ, ఎనభై ఏళ్లు తిరిగేసరికి మనిషి పెదవికి అంగుళం దూరంలోకి వచ్చి చేరుతుందని కాంట్సో ఊహించి ఉండడు.

పొగాకు కాల్చకుండా పీల్చే గొట్టానికి పెన్సిల్వేనియాకు చెందిన హెర్బర్ట్ గిల్బర్ట్ 1965లోనే పేటెంట్ పొందాడు. కొనేవాళ్లు లేక అది కాగితం మీదే ఉండిపోయింది. ఈనాటి రూపానికి ఆద్యుడు చైనాలోని షెన్యాంగ్ నగరపు ఫార్మసిస్టు హోన్ లిక్. ఆయన స్వయంగా విపరీతంగా సిగరెట్లు తాగేవాడు. తండ్రి ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో చనిపోయాడు. 2003లో ఆయన పేటెంట్ చేసిన పరికరం ద్రవాన్ని అల్ట్రాసౌండ్ కంపనాలతో తుంపరగా మార్చేది. తర్వాత వచ్చినవాళ్లు కంపనాన్ని వదిలి తీగను పట్టుకున్నారు. తీగ చవక, సులువు, చిన్న జాగాలో ఇముడుతుంది.

ఫ్యాక్టరీ కాయిళ్లు కొద్దివారాలకే మాడువాసన కొట్టేవి. మొత్తం గొట్టం పారేసి కొత్తది కొనాలి. డబ్బు పోతోందన్న బాధతో కొందరు దాన్ని విప్పి, మాడిన తీగ తీసేసి, కొత్త తీగ చుట్టి చూశారు. పనిచేసింది. పొదుపు కోసం మొదలైన పని త్వరలోనే పనితనమైంది.

చేతిలోని కొలత

ఒక మామూలు కాయిల్ ఎలా తయారవుతుందో కొంచెం తీరిగ్గా చెప్పాలి. ఆ పనిలోని ఆకర్షణంతా వివరాల్లోనే ఉంది.

ముందు తీగ ఎంపిక. అమెరికా కొలతలో 26 గేజి కాంథాల్ తీగ మందం 0.4 మిల్లీమీటర్లు. మన ఎలక్ట్రికల్ షాపుల్లో చాలామంది వాడే బ్రిటిష్ గేజిలో అదే 26 అంటే 0.46 మిల్లీమీటర్లు. అంకె ఒకటే అయినా తీగ వేరు, దాంతో నిరోధమూ వేరు. అందుకే చేయి తిరిగినవాళ్లు గేజిని నమ్మరు, మిల్లీమీటర్లలో కొలుచుకుంటారు. ఈ తీగను 3 మిల్లీమీటర్ల లావున్న కడ్డీ మీద, సాధారణంగా డ్రిల్లు బిట్టు వెనక భాగం మీద, ఆరు చుట్లు చుడతారు. ఒక్కో చుట్టుకు సుమారు 10.7 మిల్లీమీటర్ల తీగ పడుతుంది. స్తంభాలకు బిగించే రెండు కాళ్లూ కలుపుకుంటే ఏడున్నర సెంటీమీటర్లకు దగ్గర. దీని నిరోధం సుమారు 0.8 ఓమ్‌లు. ఇలాంటివి రెండు సమాంతరంగా బిగిస్తే 0.4. నిండుగా చార్జి చేసిన బ్యాటరీ 4.2 వోల్టులిస్తుంది. భాగించండి: పది ఆంపియర్లు, నలభై వాట్ల పైచిలుకు. పదో తరగతిలో మార్కుల కోసం బట్టీపట్టిన ఓమ్ నియమాన్ని, ముప్ఫై ఏళ్ల వయసులో కాలిక్యులేటరు పక్కన పెట్టుకుని మనసుపెట్టి నేర్చుకున్నవాళ్లు ఈ లోకంలో బోలెడుమంది. చదువు ఇలా కూడా మనిషిని వెతుక్కుంటూ వస్తుందన్న మాట నాకు ఇష్టం.

చుట్టిన కాయిల్‌ను స్తంభాలకు బిగించాక, ఒత్తి పెట్టకముందే, మీటను క్షణమాత్రం నొక్కి వదులుతారు. మళ్లీ నొక్కుతారు, మళ్లీ వదులుతారు. మొదట్లో కాయిల్ ఒక పక్కే ఎర్రబడుతుంది. ఏదో ఒక చుట్టు మిగతావాటికన్నా ముందే మండుతుంది. దాన్ని సరిచేయడానికి సిరామిక్ మొన ఉన్న పట్టకారుతో చుట్లను మెల్లగా అదిమి దగ్గర చేస్తారు. ఇనుప పట్టకారు వాడితే షార్ట్ అవుతుంది, సిరామిక్‌కు కరెంటు పారదు. ఇలా అదుముతూ, కాగబెడుతూ, చల్లారనిస్తూ పోతే చుట్ల మీద ఆక్సైడ్ పొర సమంగా కడుతుంది. ఒక చుట్టునుంచి పక్క చుట్టుకు కరెంటు అడ్డదారిన దూకకుండా ఆపేది ఆ పొరే. చివరికి ఎరుపు నట్టనడుమ పుట్టి రెండు వైపులకీ ఒకే వేగంతో పాకుతుంది. అప్పుడు కాయిల్ కుదిరినట్టు. మార్ష్, కాంట్సో ప్రయోగశాలల్లో సాధించిన ఆక్సైడ్ పొరను, వందేళ్ల తర్వాత ఓ మనిషి వంటింటి బల్ల మీద తన కళ్లముందు కట్టించుకోవడం ఇది.

తర్వాత ఒత్తి. తొలిరోజుల్లో సిలికా తాడు వాడేవారు. తర్వాత చాలామంది బ్లీచ్ చేయని దూదికి మారారు, అందులోనూ జపాన్ దూదికి పేరెక్కువ. దూది మరీ బిగిస్తే ద్రవం పారదు. మరీ వదులైతే చుట్టుకూ దూదికీ మధ్య ఖాళీ వచ్చి అక్కడ మాడుతుంది. ఎంత పట్టాలో ఏ పుస్తకమూ చెప్పలేదు, వేళ్లకు తెలియాల్సిందే. ఇక్కడే భౌతికశాస్త్రం ఇంకో మేలు చేస్తుంది. ఈ ద్రవంలో ముఖ్యమైనవి ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్. మొదటిది 188 డిగ్రీల దగ్గర, రెండోది 290 డిగ్రీల దగ్గర మరుగుతాయి. ఒత్తి తడిగా ఉన్నంతసేపూ తీగ వేడి ఆ పరిసరాల్లోనే నిలుస్తుంది, ఎర్రబడదు. తడి ఆరితే మాత్రం క్షణాల్లో వందల డిగ్రీలు పైకి దూకుతుంది.

మామూలు తీగతో సరిపెట్టుకోనివాళ్లు అల్లికకు దిగారు. గిటారు లావు తీగకు చుట్టూ సన్నతీగ చుట్టి ఉంటుంది కదా, అదే పద్ధతిలో లావు తీగ మీద సన్నతీగ చుట్టిన కాయిల్‌కు గిటారు విద్వాంసుడు ఎరిక్ క్లాప్టన్ పేరుమీద క్లాప్టన్ అని పేరొచ్చింది. రెండు మూడు లావు తీగలు పక్కపక్కన పేర్చి అన్నిటినీ కలిపి చుడితే ఫ్యూజ్డ్ క్లాప్టన్. బల్లపరుపు రిబ్బన్ తీగల్ని ఒకదానిమీద ఒకటి పేర్చి చుడితే స్టేపుల్. అన్నిట్లోకీ కష్టమైనది ఏలియన్. ముందు సన్నతీగను ఇంకో తీగ మీద చుట్టి, లోపలి తీగను లాగేసి, మిగిలిన గుల్ల స్ప్రింగును సాగదీసి, దాన్నే మళ్లీ మూడు తీగల కట్ట మీద చుడతారు. సాగినచోట వంకీలు తిరిగి, పూర్తయ్యేసరికి లోహంతో జడ అల్లినట్టు ఉంటుంది.

దీనికి వాళ్లు వాడిన పనిముట్లు చూడండి. ఒక కొసన చేతి డ్రిల్లు. రెండో కొసన చేపలు పట్టేవాళ్లు గాలానికి కట్టే బేరింగు స్వివెల్. డ్రిల్లు తిప్పుతుంటే రెండో కొస కూడా మెలిపడకుండా తిరగాలి, లేకపోతే తీగ పురి పడి పాడవుతుంది. ఆ కిటుకును చేపల సామాను దుకాణంలో కనిపెట్టినవాడెవడో తెలియదు గానీ, అతని బుర్రకు దండం పెట్టాలి. సన్నతీగను బొటనవేలితోనో చిన్న ముక్కతోనో కొద్దిగా ఏటవాలుగా నొక్కి పట్టుకుని, సందు లేకుండా పాకిస్తారు. ఎక్కడ చేయి తడబడినా ఆ గజం తీగా చెత్తబుట్టలోకే.

ఇంత శ్రమవల్ల ఫలితం ఉందా? కొంత ఉంది. గాట్లలో ద్రవం నిలుస్తుంది, ఆవిరయ్యే ఉపరితలం పెరుగుతుంది. దానికి తగ్గట్టు లోహం బరువు పెరిగి కాగడానికి సమయమూ, బ్యాటరీ నుంచి ఎక్కువ కరెంటూ కావాలి. ఒక హద్దు దాటాక ఆ అల్లికంతా చూసుకుని మురవడానికే. భూతద్దం లెన్సుతో ఫొటోలు తీసి దాచుకున్న కాయిళ్లలో ఎన్నో ఒక్కసారైనా కాగనివి. అందంకోసమే చేసిన వస్తువుగా చూస్తే వాటిని నేను మెచ్చుకుంటాను.

వేలెడు బ్యాటరీ, హీటరుకు పదింతలు

అపాయం కూడా ఈ మెప్పు పక్కనే పెరిగింది. ఎవరు ఎక్కువ ఆవిరి వదులుతారన్న పోటీలు మొదలయ్యాక నిరోధాన్ని తగ్గించుకుంటూ పోయారు. 0.4 నుంచి 0.2, అక్కణ్నుంచి 0.1. మామూలు హాస్టల్ హీటరు 230 వోల్టుల మీద 1000 వాట్లు తీసుకుంటుంది, అంటే నాలుగు ఆంపియర్ల పైచిలుకు. 0.1 ఓమ్ కాయిల్‌కు నిండు బ్యాటరీ తగిలిస్తే 42 ఆంపియర్లు. 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవున్న లిథియం బ్యాటరీ నుంచి, గోడ సాకెట్టు ఆ హీటరుకిచ్చే దానికి పదింతల ప్రవాహం! ఈ సైజులో మేలురకం బ్యాటరీలు కూడా ఆగకుండా ఇవ్వగలిగింది 20 నుంచి 30 ఆంపియర్లు.

సర్క్యూటు ఉన్న పరికరాలు ఇలాంటప్పుడు కరెంటు ఆపేస్తాయి. కానీ ఈ విద్యలో ఆరితేరినవాళ్లు మెచ్చింది మెకానికల్ మాడ్‌ను. అదొక లోహపు గొట్టం, అందులో బ్యాటరీ, కింద మీట. చిప్పు లేదు, ఫ్యూజు లేదు. ఫిలిప్పీన్స్ పనివాళ్లు లేతు మీద తిప్పి, రాగి, ఇత్తడి గొట్టాల మీద చెక్కడాలు చెక్కి చేసినవి ప్రపంచమంతా కొన్నారు. వాటికి రక్షణ ఏదైనా ఉందంటే అది వాడేవాడి లెక్కే. కాయిల్ కాలు పొరపాటున పక్కకు తగిలినా, బ్యాటరీ మీది ప్లాస్టిక్ పొర చిరిగినా, గొట్టం బాంబవుతుంది. 2018 మే నెలలో ఫ్లోరిడాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో 38 ఏళ్ల మనిషి అలాంటి పరికరం పేలి ముక్కలు తలలోకి దూసుకుపోయి చనిపోయాడు. 2019 జనవరిలో టెక్సాస్‌లోని ఫోర్ట్‌వర్త్‌లో పరికరం పేలినప్పుడు లోహపు ముక్క మెడలోని ధమనిని తెంపింది. పోయిన అబ్బాయికి 24 ఏళ్లు.

నాలుక చెప్పినదీ, చెప్పలేనిదీ

2015 జనవరిలో అమెరికాలోని పోర్ట్‌లాండ్ స్టేట్ యూనివర్సిటీ శాస్త్రవేత్తలు న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఓ లేఖ ప్రచురించారు. పరికరాన్ని 3.3 వోల్టుల మీద నడిపితే ఆవిరిలో ఫార్మాల్డిహైడ్‌ను విడుదల చేసే పదార్థాలు కనిపించలేదు, 5 వోల్టుల మీద సిగరెట్‌ను మించి కనిపించాయి. ప్రపంచమంతా పత్రికల్లో పతాకశీర్షికలు వచ్చాయి. కాయిళ్లు చుట్టేవాళ్లు అది చదివి ఒకటే మాట అన్నారు: ఆ కాయిల్ మీద ఆ వోల్టేజి పెడితే ఒత్తి ఎండి మాడుతుంది, ఆ మాడును ఏ మనిషీ రెండోసారి పీల్చడు, యంత్రానికి నాలుక లేదు కాబట్టి పీల్చుకుంటూ పోయింది. గ్రీసు హృద్రోగ నిపుణుడు కాన్‌స్టాంటినోస్ ఫర్సలినోస్ ఆ మాటను ప్రయోగంలో పెట్టాడు. అలవాటున్న వేపర్లతో పీల్పించి, వాళ్లు మాడిందని చెప్పిన స్థాయిలోనే ఆల్డిహైడ్లు ఒక్కసారిగా ఎగబాకాయని, మామూలుగా వాడే స్థాయిలో చాలా తక్కువున్నాయని అదే ఏడాది ప్రచురించాడు.

ఇక్కడ పనివాడి అనుభవం ప్రయోగశాలకు ఒక పాఠం చెప్పింది, దాన్ని తక్కువచేసి చూడకూడదు. అయితే అదే ధీమాతో నాలుకే చాలుననుకున్నవాళ్లు ఎక్కువ. 2018లో జాన్స్ హాప్‌కిన్స్ శాస్త్రవేత్తలు బాల్టిమోర్ ప్రాంతంలో 56 మంది రోజువారీ వేపర్ల సొంత పరికరాలు తీసుకుని పరీక్షించారు. సీసాలో ఉన్నప్పుడు ద్రవంలో లోహాలు నామమాత్రం. కాయిల్‌ను తాకిన తర్వాత అదే ద్రవంలోనూ ఆవిరిలోనూ సీసం, నికెల్, క్రోమియం, జింకు ఎన్నోరెట్లు పెరిగాయి. తీగ మాడకపోయినా, రుచి చెడకపోయినా, లోహం లోపలికి పోతూనే ఉంది. నికెల్‌కు రుచి లేదు, సీసానికి వాసన లేదు. కాంట్సో పొర 1400 డిగ్రీల పొడి వేడికి నిలిచింది నిజమే. తియ్యటి ద్రవంలో నానుతూ, రోజుకు వందలసార్లు కాగి చల్లారే బతుకు కోసం దాన్ని ఎవరూ తయారుచేయలేదు.  చేతిపని మీద ఉన్న గౌరవంతోనే ఇది గట్టిగా చెబుతున్నాను: ఎంత ఒడుపుగా చుట్టినా చేతికి అందని విషయమిది.

2019లో అమెరికాను కుదిపేసిన ఊపిరితిత్తుల జబ్బును కూడా చాలామంది ఈ కాయిళ్లకే అంటగట్టారు. అది సరికాదు. 2020 ఫిబ్రవరి నాటికి 2807 మంది ఆస్పత్రి పాలయ్యారు, 68 మంది చనిపోయారు. ప్రధాన కారణంగా తేలింది గంజాయి ద్రవంలో చిక్కదనం కోసం కలిపిన విటమిన్ ఇ ఎసిటేట్. ఇంగ్లండ్ ప్రభుత్వ ఆరోగ్య సంస్థ 2015లో వేపింగ్ హాని సిగరెట్ కన్నా 95 శాతం తక్కువని అంచనా కట్టింది, ఆ అంకెకు ఆధారం బలహీనమని లాన్సెట్ పత్రిక వెంటనే విమర్శించింది. సిగరెట్ మానలేక దీనివైపు తిరిగిన పెద్దవాళ్ల సంగతి వేరు, ఏదీ అలవాటు లేని పదిహేనేళ్ల పిల్లల సంగతి వేరు. ఈ రెండూ కలిపి తీర్పు చెప్పేవాళ్లను నేను నమ్మను.

విప్పడానికి వీల్లేని డబ్బా

చేతి కాయిల్‌ను ఆపింది మాత్రం ఈ అధ్యయనాలేవీ కావు. 2016 ఆగస్టు 8 నుంచి అమెరికా ఎఫ్‌డీఏ పరికరాలనూ విడిభాగాలనూ పొగాకు ఉత్పత్తుల నిబంధనల కిందకు తెచ్చింది. తనకోసం చుట్టుకునేవాడి జోలికి పోలేదు గానీ, అమ్మడానికి చుట్టేవాడు తయారీదారుల లెక్కలోకి వచ్చాడు. అంతకన్నా పెద్ద దెబ్బ సుఖం నుంచి వచ్చింది. ముందు చిన్న పాడ్‌లు, ఆ తర్వాత వాడి పారేసే డిస్పోజబుళ్లు. షెంజెన్ ఫ్యాక్టరీల నుంచి రంగురంగుల్లో వచ్చాయి. పెట్టె విప్పి పీల్చడమే, గేజి తెలియక్కర్లేదు, ఒత్తి కత్తిరించక్కర్లేదు. బ్రిటన్ 2025 జూన్ 1 నుంచి డిస్పోజబుళ్ల అమ్మకాన్ని నిషేధించింది.

మన చట్టం ఇంకా ముందే, ఇంకా గట్టిగా వచ్చింది. 2019 సెప్టెంబరులో ఆర్డినెన్సు, డిసెంబరులో చట్టం. తయారీ, దిగుమతి, అమ్మకం, రవాణా, ప్రకటన అన్నీ నేరం. పూర్తి పరికరమే కానక్కర్లేదు, దాని ఏ భాగమైనా సరేనని చట్టం స్పష్టంగా చెప్పింది. అంటే ఈ పనికోసం చుట్టిన కాయిల్ అమ్మినా నేరమే. మొదటి తప్పుకు ఏడాది దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అదే దేశంలో ఒంగోలు, కందుకూరు, కొండపి, పొదిలి వేలం కేంద్రాల్లో బ్యారన్ పొగాకు ఏటా అమ్ముడవుతుంది. గుంటూరులో 1976 నుంచి పొగాకు బోర్డు ఉంది. వేపింగ్ ద్రవాల్లో కలిపే నికోటిన్‌ను చాలామటుకు పొగాకు నుంచే తీస్తారు. ఆకును పండించనిచ్చి, సిగరెట్‌ను కిళ్లీకొట్టులో అమ్మనిచ్చి, దీన్ని మాత్రం నిషేధించడం న్యాయమా అని అడిగేవాళ్లున్నారు. ప్రశ్న సబబే. పిల్లల చేతికి కొత్త వ్యసనం అందకుండా ఆపడం కూడా అంతే సబబు. రెండోదానికే నా ఓటు. ఏ రూపంలోనైనా నికోటిన్ వదిలించుకోవాలనుకునేవాళ్లకు కేంద్ర ఆరోగ్యశాఖ ఉచిత ఫోన్ నంబరు 1800-112-356 ఉంది.

నిషేధం ఉన్నా సరుకు ఆగలేదు. హైదరాబాద్‌లో పోలీసులు ఈ-సిగరెట్లు పట్టుకున్నారన్న వార్తలు వస్తూనే ఉన్నాయి, దొరుకుతున్నవాటిలో ఈ డిస్పోజబుళ్లూ ఉంటున్నాయి. 2025 జూన్‌లో కాలిఫోర్నియా యూనివర్సిటీ డేవిస్ శాస్త్రవేత్తలు అలాంటి కొన్నిటిని పరీక్షించి ఫలితాలు ప్రకటించారు. ఒకదాన్ని ఒక్కరోజు వాడితే దాదాపు 20 ప్యాకెట్ల సిగరెట్లను మించిన సీసం వెలువడింది. వాళ్లు విప్పి చూస్తే, ఈసారి సీసానికి మూలం కాగే తీగ కాదు. సీసం కలిసిన కంచు భాగాలు ద్రవంలో నానుతూ సీసాన్ని అందులోకి వదులుతున్నాయి. కాయిల్ నుంచి నికెల్ వస్తూనే ఉంది. తీగ చుట్టుకునే మనిషికి కనీసం తన తీగ కాంథాలో నిక్రోమో తెలుసు, స్తంభం ఏ లోహమో తెలుసు, నచ్చకపోతే మార్చేవాడు. స్కూలు బ్యాగులో దాచుకున్న ఆ డబ్బా లోపలి కంచులో ఏం కలిపారో పెట్టె మీద రాసి ఉండదు. విప్పి చూద్దామంటే దానికి స్క్రూ కూడా ఉండదు.